మ్యాపులో గీయని వీధి

"సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు చాలు. చదివి వినిపించకు, నాకు తలనొప్పి."

ప్రతి ఏడూ మార్చి నెలలో మా వంటింటి బల్ల దగ్గర మా ఆయన, పేరు ఎవరిస్తో, అనే మాట ఇది. పద్ధెనిమిదేళ్ళు అన్నాడు. ఎక్కడెక్కడ సంతకం కావాలో అక్కడ నేను చిన్న చిన్న పసుపు చీటీలు అంటించి పెట్టేదాన్ని. కాఫీ చల్లారేలోపు టకటకా ఎనిమిది సంతకాలు గీకి, పెద్ద బరువు దించినవాడిలా భుజాలు విదిలించుకుని టీవీ ముందుకు పోయేవాడు. ఆ ఎనిమిది కాగితాల కోసం నేను ఎన్ని మెట్లు ఎక్కి దిగానో అతనికి తెలియదు. తెలుసుకుందామని అడిగిన గుర్తు కూడా నాకు లేదు.

మా ఊళ్ళో పరిశుద్ధాత్మ పండుగంటే వెండి కిరీటం ఊరేగింపు, ఆరువందల మందికి సోపాస్, అంటే గొడ్డుమాంసం పులుసులో నానిన రొట్టె, రెండు రోజుల బ్యాండు, బీరు. మా పెద్దవాళ్ళు సముద్రం అవతలి అజోర్స్ దీవుల నుంచి ఈ దేశానికి ఓడలో తెచ్చుకున్న పండుగ. నడిపేది మగవాళ్ళ సహోదర సంఘం. ఆడవాళ్ళకి అందులో సభ్యత్వం లేదు, వంటగదిలో మాత్రం కావలసినంత చోటుంది. మా ఆయన సంఘానికి అధ్యక్షుడు. ఎర్ర అంగీ వేసుకుని, చేత్తో వెండి కర్ర పట్టుకుని అందరికంటే ముందు నడుస్తాడు. ఆ నాలుగు వీధులూ అతను నడవాలంటే వాటిని మూయడానికి పోలీసుల పర్మిట్ కావాలి. గుడారానికి ఫైర్ డిపార్ట్‌మెంట్‌ది, సోపాస్‌కి హెల్త్ బోర్డుది, బీరుకి ఇంకొకరిది. ఊరేగింపు వెళ్ళే వీధుల్లో ఇంటింటికీ తిరిగి "మాకు అభ్యంతరం లేదు" అని సంతకాలు తేవాలి. ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో, ఎవరు తలుపు తీయరో, ఎవరు తీసి గంటసేపు నిలబెట్టి మోకాళ్ళ నొప్పుల గురించి చెప్తారో నాకు కంఠతా వచ్చు. ఇవన్నీ పండుగకి అరవై రోజుల ముందు సిటీ హాల్లో ఇచ్చేయాలి. ఒక్క రోజు దాటినా పండుగ లేదు.

నేను పనిచేసేది ఆసుపత్రి లాండ్రీలో. రెండింటికి షిఫ్టు అయిపోతుంది, సిటీ హాలు కిటికీ నాలుగింటికి మూస్తారు. బ్లీచింగ్ వాసనతోనే బస్సెక్కి పోయేదాన్ని. మొదటి ఏడు కిటికీ అవతల కూర్చున్న డోరీన్ నన్ను ఎగాదిగా చూసి, "ఏం మూయాలమ్మా? వీధా, దుకాణమా?" అంది. పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళ వయసులో ఈ దేశం వచ్చిన నాకు అప్పటికి ఇంగ్లీషు అంతంత మాత్రమే. ఆ ఫారాలు చదివే నేర్చుకున్నాను. పిల్లలు బొమ్మల పుస్తకాలతో నేర్చుకునే భాషని నేను 'దరఖాస్తుదారుడు ఇందుమూలంగా హామీ ఇవ్వడమేమనగా' అంటూ నేర్చుకున్నాను. నాలుగో ఏటికల్లా డోరీన్ నా కాగితాలు తెరిచి చూడటం మానేసింది. "ఇదలీనా గీసిన మ్యాపైతే కొలిచి చూడక్కర్లేదు," అని ఒకసారి పక్క కిటికీ అమ్మాయితో అంది. నేను విననట్టు నటించాను గాని, ఆ రోజు బస్సు దిగాక ఇంటికి రెండు వీధులు చుట్టు తిరిగి నడిచాను. ఆ మాటని కాసేపు ఒంటరిగా దగ్గర పెట్టుకోవాలనిపించింది. మా ఇంట్లో అలాంటి మాట నాకు ఎవరూ అనలేదు.

ఇంట్లో అనే మాటలు వేరు. "కూర్చుని రాసుకోవడమేగా, ఆడవాళ్ళ పని," అనేవాడు ఎవరిస్తో. మా అత్తగారు ఎర్మెలిందా అయితే, "నా రోజుల్లో ఈ కాగితాలెక్కడివే? కిరీటం ఎటు పోతే జనం అటు పోయేవాళ్ళు. నువ్వొచ్చాకే ఇంత తతంగం," అనేవారు, పర్మిట్లు నేనే కనిపెట్టినట్టు. సంఘంలో పదిహేనేళ్ళు పూర్తయినప్పుడు మా ఆయనకి చెక్క ఫలకం ఇచ్చారు. దాన్ని అందుకుంటూ, "సిటీ హాల్లో నా మాటంటే మాటే. ఇన్నేళ్ళలో ఒక్క పర్మిట్ తిరిగి రాలేదు," అన్నాడు. నేను ఆ సమయానికి వెనక కాఫీ పోస్తున్నాను. చప్పట్లు నేనూ కొట్టాను.

ఈ ఏడు గొడవ అమారు దగ్గర మొదలైంది. మా ఆయనకి ముందు ఇరవై రెండేళ్ళు అధ్యక్షుడుగా చేసిన ముసలాయన. శీతాకాలంలో పక్షవాతం వచ్చి మంచానపడ్డాడు. సంఘంలో ఎవరైనా జబ్బుపడితే కిరీటం వాళ్ళ కిటికీ ముందు ఆగి వెళ్ళడం మా ఆచారం. అమారు ఉండేది బ్రాన్సన్ వీధిలో. మార్చిలో ఎవరిస్తో ఆ వీధిని కూడా మ్యాపులో కలపమన్నాడు. నేను వెళ్ళి అడిగాను. ఫైర్ స్టేషన్ అధికారి, లెఫ్టినెంట్, మ్యాపు మీద వేలితో చూపించి చెప్పాడు, "అమ్మా, ఫైరింజన్లు బయటికొచ్చే దారి ఇదొక్కటే. వేరే ఏ వీధైనా అడగండి, ఇది కాదు." ఇంటికొచ్చి అదే చెప్పాను. ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పాను. రెండోసారి విసుక్కున్నాడు, మూడోసారి సరేనన్నాడు. దానికి బదులు ఇంకో దారి కూడా నేనే వెతికాను. పండుగ ముందు రోజు, శనివారం, కిరీటాన్ని కారులో అమారు ఇంటికి తీసుకెళ్దాం, మంచం దగ్గరే జపమాల చెప్పుకుందాం అన్నాను. అలాగే చేశాం. అమారు కిరీటాన్ని ఎడమచేత్తో ముట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పని జరిగిపోయిందనుకున్నాను.

మర్నాడు ఆదివారం, సంఘం హాలు వంటగదిలో మేం పద్నాలుగు మంది ఆడవాళ్ళం సోపాస్ వడ్డించే ఏర్పాట్లలో ఉన్నాం. నేను రొట్టెల మీద పుదీనా రెమ్మలు పరుస్తున్నాను. ఆ సమయానికి బ్యాండు చప్పుడు చర్చి వైపు నుంచి రావాలి. కొండ దిగువ నుంచి వస్తోంది. ముందు నా చెవులే తప్పనుకున్నాను. కిటికీ తెరిచి విన్నాను. దిగువ నుంచే. నా చేతిలో పుదీనా అలాగే ఉండిపోయింది. "ఏమైందే?" అని పక్కనున్నావిడ అడుగుతుంటే, "బ్రాన్సన్ వీధిలోకి తిరిగారు," అన్నాను. అన్నాక నిమిషం కూడా కాలేదు, ఫైరింజను హారన్ మొదలైంది. అది కదులుతున్న బండి హారన్ కాదు. ఒకేచోట నిలబడి అరుస్తున్న హారన్.

తరువాత తెలిసింది. మూల మీదకి రాగానే అమారు కొడుకు ఎదురొచ్చి, "నాన్న కిటికీ దగ్గర కూర్చోబెట్టించుకున్నాడు, మిమ్మల్ని చూస్తాడట," అని అక్కడి నుంచే కనిపిస్తున్న కిటికీని చూపించాడు. మా ఆయన ముసలాయనకేసి చూసి వెండి కర్ర ఎత్తి ఎడమ వైపు తిప్పాడు. రెండువందల మంది వెనకే తిరిగారు. కిటికీ ముందు అందరూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. అప్పుడే ఫైర్ స్టేషన్ తలుపులు తెరుచుకున్నాయి. వెనక్కి తగ్గండని పోలీసు అరిచాడట. కానీ బయల్దేరిన కిరీటాన్ని వెనక్కి నడిపించడం మాకు అపచారం. మళ్ళీ బలిపీఠం చేరేదాకా అది ముందుకే పోవాలి. అందుకని వీధి చివరిదాకా, బ్యాండుతో సహా, ముందుకే నడిచారు. పదకొండు నిమిషాలు పట్టింది. ఆ పదకొండు నిమిషాల్లో అవతల వీధిలో ఒక వంటింట్లో అంటుకున్న నిప్పు మూడంతస్తుల ఇల్లు మొత్తం తినేసింది. దేవుడి దయ, ఎవరూ పోలేదు. మూడు కుటుంబాలు మాత్రం వీధిన పడ్డాయి.

ఆ రోజు ఎవరిస్తో మీద నాకు కోపం కంటే జాలే ఎక్కువ కలిగింది. మొహం పాలిపోయి హాలు మెట్ల మీద కూర్చున్నాడు. "ముసలాయన కళ్ళల్లోకి చూసి కాదనలేకపోయానే," అన్నాడు. ఆ మాట నిజం. ఆ మాట కోసం అతన్ని క్షమించగలననుకున్నాను.

రెండు వారాలకి లైసెన్స్ బోర్డు నుంచి విచారణకు రమ్మని ఉత్తరం వచ్చింది. అందులో స్పష్టంగా రాశారు. తెలిసి మ్యాపు తప్పి నడిచినట్టు తేలితే రెండేళ్ళు వీధి ఊరేగింపుకి అనుమతి ఉండదు. కాగితాల్లో పొరపాటని తేలితే హెచ్చరిక. నేను చదివి చెప్పి, "ఉన్నదున్నట్టు చెప్పు. అమారు సంగతి చెప్పు. వాళ్ళూ మనుషులే," అన్నాను. "చూద్దాంలే. నువ్వు కూడా రా, కాగితాల గురించి అడిగితే పక్కనుండి చెప్దువుగాని," అన్నాడు. నన్ను రమ్మన్నందుకు, నిజం చెప్తాను, కొంచెం సంతోషపడ్డాను. పద్ధెనిమిదేళ్ళలో సిటీ హాలుకి ఇద్దరం కలిసి వెళ్ళడం అదే మొదలు. నీలం గౌను ఇస్త్రీ చేసుకున్నాను. అతని చొక్కా కూడా నేనే చేశాను.

విచారణకి ముందు రోజు, గురువారం, సంఘం పెద్దలు మా ఇంట్లోనే కూడారు. నేను కాఫీ, తియ్య రొట్టె పట్టుకుని గదిలోకి వెళ్ళగానే అందరూ మాట ఆపేశారు. ఒకాయన సిగ్గుపడినట్టు నవ్వి, "ఇదలీనా చేతి రొట్టె తింటే ఏ బోర్డయినా కరిగిపోవాలి," అన్నాడు. నేనూ నవ్వాను.

శుక్రవారం పదింటికి విచారణ. ఎత్తైన బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. పక్కన చిన్న బల్ల దగ్గర డోరీన్ మినిట్స్, అంటే అక్కడ అనే ప్రతి మాటా, రాస్తోంది. నన్ను చూసి కనుబొమ్మలు కొంచెం ఎగరేసింది, పలకరింపుగా. వెనక వరసలో సంఘం పెద్దలు పన్నెండు మందీ కోట్లు వేసుకుని కూర్చున్నారు. వాళ్ళకి దూరంగా, తలుపు దగ్గర కుర్చీలో, కంబోడియా ఆవిడ ఒకతె ఒళ్ళో సంచి పెట్టుకుని ఒంటరిగా కూర్చుంది.

ఛైర్మన్ మ్యాపు పైకెత్తి, "ఇందులో బ్రాన్సన్ వీధి లేదు. మీరు ఎందుకు నడిచారు?" అని అడిగాడు.

ఎవరిస్తో లేచి నిలబడ్డాడు. ఆరేళ్ళప్పుడు ఈ దేశం వచ్చినవాడు, ఇంగ్లీషు నీళ్ళలా మాట్లాడతాడు. "అది కాగితాల్లో జరిగిన పొరపాటు సార్. మేం ఆ వీధి అడిగామనే అనుకున్నాం. కాగితాలన్నీ మా ఆవిడ చూస్తుంది. పాపం, తనకి ఇంగ్లీషు అంతగా రాదు. ఆ వీధి గీయడం మర్చిపోయింది. నేను తనని నమ్మి చూడకుండా సంతకం పెట్టాను. చూసుకోవలసింది, అదొక్కటీ నా తప్పు."

చివరి వాక్యం దగ్గర గొంతు కూడా వణికింది. ఎంత బాగా చెప్పాడో. వెనక ఎవరో సానుభూతిగా దగ్గారు. నాకు ముందు అర్థం కాలేదు. ఎవరి ఆవిడ గురించి చెప్తున్నాడు అనుకున్నాను, నిజంగానే. తరువాత అర్థమైంది. అతనికేసి చూశాను. అతను నాకేసి చూడలేదు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. పొద్దున నేను ఇస్త్రీ చేసిన చొక్కా కాలరు మీద ఆ ఎర్రటి చెవులు, అవి మాత్రమే నాకు కనిపిస్తున్నాయి.

"అమ్మా, అంతేనా? మీరు మర్చిపోయారా?" అని ఛైర్మన్ నన్ను అడిగాడు. మెల్లగా, ఒక్కొక్క మాటా విడగొట్టి అడిగాడు, నాకు భాష రాదని ఇప్పుడే విన్నాడు కదా.

నేను కాదనాలి. నోట్లో ఆ ఒక్క మాట తయారుగా ఉంది. వెనక పన్నెండు మంది మగవాళ్ళు ఊపిరి బిగబట్టడం వీపుకి తెలుస్తోంది. తొమ్మిదేళ్ళప్పుడు మా దీవిలో ఇదే పండుగ రోజున, పిల్లలకి పెట్టే ఆచారం ప్రకారం, నా తల మీద పెట్టిన కిరీటం బరువు గుర్తొచ్చింది. నేను కాదంటే రెండేళ్ళు అది వీధిలోకి రాదు. ఇంకొకటి కూడా ఉంది, అది ఒప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. అతను సగం నింపి వదిలేసిన కాగితం ఏదైనా సరే, మిగతా సగం నింపి పూర్తి చేయడం నా చేతులకి అలవాటైపోయింది.

"అవును," అన్నాను.

డోరీన్ కలం ఆగింది. తలెత్తి నాకేసి చూసింది. కాసేపు చూసి, తల దించుకుని రాసుకుంది. ముగ్గురూ గుసగుసలాడుకుని, ఇది కాగితాల పొరపాటు కాబట్టి హెచ్చరికతో సరిపెడుతున్నాం, ఇకమీదట ఈ ఉత్సవం దరఖాస్తులు ఈవిడ చేత చేయించవద్దు అని తేల్చారు. పావుగంటలో నా పద్ధెనిమిదేళ్ళ పని ఆ ఒక్క వాక్యంతో అయిపోయింది.

బయట వరండాలో మగవాళ్ళు ఎవరిస్తో భుజాలు తడుతున్నారు. ఒకాయన నా భుజం కూడా తట్టాడు. నేను గోడ పక్కకి జరిగి నిలబడ్డాను. తలుపు దగ్గర కూర్చున్న ఆవిడ సంచి పట్టుకుని నా ఎదురుగా వచ్చి ఆగింది. నా ఈడే ఉంటుంది.

"అయితే అది మీరేనా?" అంది.

నేను ఆవిడ చేతిలోని సంచికేసి చూశాను.

"నా పేరు చంతా. కాలిపోయిన ఇంట్లో మూడో అంతస్తు మాది. మా అమ్మకి ఎనభై ఒకటి. పక్కింటబ్బాయి వీపు మీద వేసుకుని దింపాడు. ఇప్పుడు మా చెల్లెలింట్లో కింది గదిలో ఉంటున్నాం. రోజూ పొద్దున లేచి ఇంటికెప్పుడెళ్దాం అంటుంది." ఆవిడ గొంతు పెంచలేదు. "పని మానుకుని వచ్చాను. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలుసుకుందామని వచ్చాను. తీరా చూస్తే ఒక గీత గీయడం మర్చిపోయారు, అంతే. మీ మొహం చూస్తే తిట్టబుద్ధి కూడా కావట్లేదు. ఇప్పుడు ఆ కోపం తీసుకెళ్ళి ఎక్కడ పెట్టుకోను?"

ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది. నేను వెనకే పరిగెత్తి చెప్పి ఉండవచ్చు. పరిగెత్తలేదు.

విచారణకి లోపలికి రాకుండా కారులోనే ఉండిపోయిన అత్తగారు వెనక సీట్లో కూర్చుని జపమాల తిప్పుకుంటున్నారు. నా మొహం అద్దంలో చూసినట్టున్నారు, "ఎందుకే అలా ఉన్నావు? గురువారమే అనుకున్నారుగా అందరూ," అన్నారు.

"ఏం అనుకున్నారు?"

"నీ మీదకి తోసేద్దామనే. ఆడది పొరబడిందంటే ఎవరూ పట్టించుకోరని. వాడు నీకు చెప్పలేదా? నాకు ఆ వేళే చెప్పాడే!"

ఎవరిస్తో స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తూ, "ముందే చెప్తే మొహంలో తెలిసిపోతుందమ్మా. దీనికి అబద్ధం ఆడటం రాదు," అన్నాడు. మెచ్చుకున్నట్టు అన్నాడు.

అంటే నేను కాఫీ పట్టుకెళ్ళినప్పుడు వాళ్ళు ఆపిన మాట నేనే. పన్నెండు మందికీ తెలుసు. వాళ్ళ పెళ్ళాల్లో ఎంతమందికి తెలుసో. నా రొట్టె నములుతూ నన్ను ఎలా వాడుకోవాలో తేల్చుకున్నారు. పైగా రొట్టె బాగుందన్నారు.

ఇంటికొచ్చాక బూట్లు విప్పుతూ ఎవరిస్తో నన్ను సముదాయించబోయాడు. "ఏం పోయిందే నీకిప్పుడు? జైలుకెళ్ళావా? నాకైతే అధ్యక్ష పదవి పోయేది, ఊళ్ళో తలెత్తుకోలేకపోయేవాణ్ణి. నీకక్కడ పోవడానికి పరువేముంది చెప్పు, కిటికీ దగ్గర లైన్లో నిలబడే మనిషివి."

అతను కోపంగా అనలేదు. అదే నన్ను తినేసింది. చాలా మామూలుగా, వర్షం తగ్గిందని చెప్పినట్టు చెప్పాడు. అతని దృష్టిలో నాకు అక్కడ ఏమీ లేదు కాబట్టి నా దగ్గర అతను ఏమీ తీసుకోలేదు. ఇన్నేళ్ళూ అతనికి నా పని తెలియదనుకున్నాను. తెలియకపోవడం కాదు. పనిని చూశాడు, అది చేసే మనిషి ఉందని మాత్రం తట్టలేదు. మేరీ మాత మీద ఒట్టు, అతను నన్ను కొట్టి ఉంటే ఇంతకంటే తేలిగ్గా మరిచిపోయేదాన్ని.

సూప్ తాగుతూ మళ్ళీ అన్నాడు, "వచ్చే ఏడు దరఖాస్తులు నువ్వు చేయకూడదన్నారు గదా, దానికీ దారి ఉంది. ఇంట్లో కూర్చుని నువ్వే నింపు. పట్టుకెళ్ళి నేనిస్తాను. మన చేతిరాత ఎవడు చూడొచ్చాడు?"

శనివారం, ఆదివారం ఇంటి పని అంతా మామూలుగానే చేశాను. అంగీలు ఉతికాను, అత్తగారి కాళ్ళకి మందు రాశాను. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి గాని, లోపల చంతా అడిగిన ప్రశ్నే తిరుగుతోంది. నేను ఎవరిని కాపాడాను? కిరీటాన్నా? అది అద్దాల పెట్టెలో భద్రంగా ఉంది. ఎవరిస్తోనా? అతను ఈల వేసుకుంటూ గడ్డి కోస్తున్నాడు. ఇల్లు కాలిపోయిన మనిషి జవాబు కోసం అంత దూరం వస్తే ఆవిడ చేతిలో అబద్ధం పెట్టి పంపించాను. అతను నాకు చేసిందే నేను ఆవిడకి చేశాను. ఆదివారం మధ్యాహ్నం పూజకి వెళ్తే చర్చి మెట్ల మీద ఆడవాళ్ళు నన్ను చూసి మాట తగ్గించారు. ఒకావిడ దగ్గరకొచ్చి, "పోనీలే ఇదలీనా, ఎవరికైనా పొరపాట్లు సహజం," అంది. ఆవిడ మొగుడు గురువారం మా ఇంట్లో రెండు ముక్కలు రొట్టె తిన్నాడు. ఆవిడకి నిజం తెలియదని ఆ కళ్ళు చూస్తే తెలిసింది. కొన్నాళ్ళకి అదే నిజం అయిపోతుంది. ఇంకో పదేళ్ళకి ఎవరినడిగినా, ఇదలీనా వీధి గీయడం మర్చిపోయి ఇల్లు కాలిపోయింది అంటారు. నేను పోయాక కూడా అంటారు.

సోమవారం రెండింటికి షిఫ్టు దిగి సిటీ హాలు బస్సెక్కాను. డోరీన్ నన్ను చూసి నవ్వలేదు.

"నీ దరఖాస్తులు తీసుకోవద్దన్నారు నాకు," అంది.

"దరఖాస్తు కాదు. విచారణలో చెప్పింది సరిదిద్దుకోవచ్చా?"

"వారం లోపల అయితే దిద్దుకోవచ్చు." కదలకుండా కూర్చుంది. "ఇదలీనా, ఏప్రిల్లో ఇదే కిటికీ దగ్గర నిలబడి నువ్వే చెప్పావు నాకు, బ్రాన్సన్ వీధి వద్దన్నారు, అందుకే వదిలేశానని. నాకు గుర్తుంది. శుక్రవారం నువ్వు కాదంటావని కలం ఆపి కూర్చున్నాను. నా చేత్తో ఆ 'అవును' రాయించావు."

నేను క్షమించమన్నాను. ఆ మూడు రోజుల్లో ఆ మాట ఎవరైనా అనవలసింది నాతో. తీరా అన్నది నేను.

డోరీన్ ఒక ఫారం ఇటు తోసింది. నేను పక్కనున్న బల్ల దగ్గర నిలబడే రాశాను. లెఫ్టినెంట్ ఏమన్నాడో, నేను మూడుసార్లు ఇంట్లో ఏం చెప్పానో, శనివారం కిరీటాన్ని ఎందుకు కారులో తీసుకెళ్ళామో, ఆదివారం వంటగది కిటికీలోంచి ఏం విన్నానో, అన్నీ రాశాను. అమారు గురించి కూడా రాశాను. మా ఆయన ఆ ముసలాయన కళ్ళల్లోకి చూసి కాదనలేకపోయాడని రాశాను, ఎందుకంటే అది నిజం. శుక్రవారం నేను అవునన్నది అబద్ధమని రాశాను. ఎవరినీ తిట్టలేదు. అర పేజీ చాలు అనుకున్నది వెనక వైపుకి కూడా వెళ్ళింది.

కింద ఒక గడి ఉంది. ఈ ఉత్సవానికి మీరేమవుతారు అని. నిర్వాహకులా, సంఘ సభ్యులా, దరఖాస్తుదారులా, ఇతరులా. మొదటి మూడూ నేను కాదు. ఇతరులు అయితే ఏమిటో రాయమన్నారు. భార్య అని రాయబోయి ఆగాను. చివరికి సాక్షి అని రాసి, నా పేరు రాసి, సంతకం చేశాను. ఈ కిటికీ దగ్గరికి పద్ధెనిమిదేళ్ళుగా వస్తున్నా నా సంతకంతో ఒక్క కాగితం ఇచ్చింది లేదు. అందుకేనేమో అక్షరాలు కొంచెం వంకరగా పడ్డాయి.

డోరీన్ మొత్తం చదివింది. రెండోసారి కూడా చదివింది. స్టాంపు చేతిలోకి తీసుకుని ఆగింది.

"రెండు కాపీలు కావాలి," అన్నాను. "ఒకటి చంతా గారి అడ్రసుకి పంపు, మీ దగ్గర ఉంటుంది కదా."

"పంపుతాను. కానీ ఇది పడిందంటే రెండేళ్ళు మీ కిరీటం వీధిలోకి రాదు. మీవాళ్ళంతా నిన్నే అంటారు, ఆలోచించుకున్నావా?"

"అంటారు," అన్నాను. "మొన్న చెయ్యనిదానికి అన్నారు. ఇప్పుడు చేసినదానికి అంటారు. స్టాంపు వెయ్యి డోరీన్."